జాలరిపేట సముద్రంలో సూర్యాస్తమయం

విశాఖ సముద్రంలో సూర్యుడు అస్తమించడు. ఇది ఎవరి అభిప్రాయమూ కాదు, భూగోళం చేసిన ఏర్పాటు. మనది తూర్పు తీరం. పొద్దు నీళ్లలోంచి లేచి, ఊరంతా దాటుకుని, సాయంత్రానికి సింహాచలం కొండల వైపు జారుకుంటుంది. అయినా ఫోన్లలో తిరిగే యాత్రల ఫోటోల్లో జాలరిపేట ఒడ్డున సూర్యుడు రోజూ నీళ్లలోనే కుంకుతున్నాడు. పొద్దున్నే ఐదున్నరకు లేవలేని యాత్రికుడు సాయంత్రం ఐదున్నరకు సూర్యుణ్ణి తూర్పుకి పిలిపించుకుంటున్నాడన్నమాట. పురాణకాలంలో సూర్యుడి ప్రయాణంలో వేలు పెట్టాలంటే సుమతి అంతటి పతివ్రత కావలసి వచ్చింది. ఇప్పుడు పాతివ్రత్యం అక్కర్లేదు, వేలు ఒక్కటీ ఉంటే చాలు. ఆకాశం మార్చే మీట ఫోటోషాప్‌లోకి 2020లోనే వచ్చేసింది. దిక్కులు మార్చడానికి వేరే మీట అవసరం కూడా లేదు, ఫోటో కింద ‘సాయంసంధ్య’ అని రాసేస్తే సరి.

ఇంతమాత్రానికే నన్ను ఛాందసుడి కింద జమకట్టకండి. ‘నో ఫిల్టర్’ అని ఊరేగే ఫోటోల మీద నాకు అంతకన్నా అనుమానం. దిద్దని ఫోటో అనేది లోకంలో ఎక్కడుందో చూపించమనండి. 1850లలో గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు సముద్రాన్ని తీస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది, ఆకాశాన్ని పట్టుకుంటే నీళ్లు నల్లబడేవి. ఆ కాలపు గాజు పలకల శక్తి అంతే. ఆయన నీళ్లొక నెగెటివ్ మీద, మబ్బులొక నెగెటివ్ మీద తీసి, రెండూ కలిపి అచ్చువేశాడు. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లీ కురిపించిన వెన్నెల చందమామను అడిగి తెచ్చింది కాదు, దీపాలతో, కెమెరాతో పుట్టించింది. దానికి ముగ్ధులై కూర్చున్న తెలుగువాళ్లు ఇప్పుడు ఒక ఫిల్టరుని చూసి నీతులు చెప్పడం ఏం బాగుంటుంది? మన ఫోన్లయితే నొక్కీ నొక్కకముందే నాలుగైదు ఫోటోలు తీసి, కలిపి, ముఖాలు నునుపు చేసి చేతికిస్తున్నాయి. శాంసంగ్ ఫోను మసకబారిన చంద్రుడి బొమ్మకు కూడా లేని మచ్చలు సమకూర్చి పెడుతోందని 2023లో పెద్ద గొడవే అయింది. ఇక బొర్రా గుహలకు వెళితే అక్కడ రాళ్లకే రంగు దీపాలు వేసి ఉంచారు. ఎంత నిజాయితీగా తీసినా ఫోటో ఎరుపూ ఆకుపచ్చే. అక్కడ ఎడిటింగు ఫోటోలో కాదు, గుహలోనే జరిగిపోయింది.

కాబట్టి రంగు దగ్గర నాకు పేచీ లేదు. ఎర్రమట్టి దిబ్బల్ని కుంకుమ రాశులు చేయండి, రుషికొండ నీళ్లకు నీలిమందు కలపండి. మహా అయితే నవ్వుకుంటాం. చేపల పులుసులో చింతపండు నాలుగు రెబ్బలు ఎక్కువైతే పులుపెక్కుతుందంతే. చేపే తీసేస్తే మాత్రం దాన్ని పులుసు అనరు, చారంటారు. జాలరిపేట ఫోటోలకు ఈమధ్య జరుగుతున్నది ఈ రెండో వంటకం. ఇసుక మీద ఆరేసిన నెత్తళ్లు కంటికి బాగోలేదని చెరిపేస్తారు. వలలు, తాళ్లు, నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, చేపల గంప పక్కన కూర్చుని బేరమాడుతున్న అప్ప, అన్నీ పోతాయి. ఆఖరికి మిగిలేది పసుపు గౌనులో, వెడల్పాటి టోపీతో, సముద్రం వైపు తిరిగి నిలబడ్డ ఒక వీపు. ఆ వీపు వెనక ఉన్నది విశాఖో మాల్దీవులో ఆ వీపుకే తెలియదు. దూరాన వరసగా లంగరేసిన ఓడల్ని కూడా మచ్చల్లా తుడిచేస్తారు. 1933లో రేవు తెరుచుకోబట్టి గదా ఇది ఇంత పట్నమైంది! ఉక్కు కర్మాగారం కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గులో అధికభాగం ఓడలోనే రావాలి. ఓడలు తుడిచేసిన విశాఖ సముద్రమంటే అందులో విశాఖ కూడా తుడుచుకుపోయినట్టే.

దీనికి గట్టి జవాబు ఒకటుంది. కెమెరాని కాస్త పక్కకు తిప్పినా వలలు కనబడవు కదా, అలా తిప్పడం కళ, చెరపడం నేరం ఎలా అయ్యాయి అని. ప్రశ్న బాగుంది. నిజానికి తిప్పడమూ అంత అమాయకమైనదేం కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. ఎడిటింగు అక్కర్లేకుండానే అద్భుతమైన ఫోటోలు దొరికేది అప్పుడే. రంగురంగుల పడవలు కదలకుండా, మెదలకుండా, వరసగా నిలబడి ఫోజిస్తాయి. కింద ‘ప్రశాంతత’ అని రాస్తారు. రాబడి ఆగిపోయిన ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలుస్తారో రాసినవాడికి అనవసరం. అయినా ఇందులో అబద్ధం ఫోటోది కాదు, ఆ ఒక్క మాటది. పడవ అక్కడ ఉంది, నిలిచే ఉంది. ఫోటోకి నాలుగు అంచులున్నాయనీ, వాటి అవతల ఇంకేదో ఉంటుందనీ చూసేవాడికి తెలుసు. కావాలంటే వచ్చి అటువైపు చూసుకోవచ్చు. చెరిపినప్పుడు మాత్రం పడవ ఉన్నచోట ఇసుక పుట్టుకొస్తుంది. ఆ ఇసుక ఏ సముద్రమూ ఏ ఒడ్డునా పోయలేదు. పాత స్టూడియోల్లో తాజ్‌మహల్ తెర ముందు నిలబడి, అట్టవిమానంలో కూర్చుని తీయించుకున్న ఫోటోలు వీటికన్నా నిజాయితీగలవి. ఎగరనని విమానమే ఒప్పుకునేది.

కళాకారుడికి స్వేచ్ఛ ఉండొద్దా అంటే, ఉండాలి, బోర్డు మార్చుకుంటే సరిపోతుంది. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి ముఖచిత్రానికి అడ్డంగా తీసిన ఫోటో నిలువుగా పట్టక, ఈజిప్టు పిరమిడ్లను దగ్గరికి జరిపింది. ఏ ఫారో చేయించలేని పని! చిత్రకారుడు చేస్తే ఎవరూ పట్టించుకోరు. అక్కడి ఊళ్లనూ మనుషుల్నీ ఉన్నదున్నట్టు చూపిస్తానన్న పత్రిక చేసింది కనుకే అంత రభస అయింది. 2016లో పేరుమోసిన ఫోటోగ్రాఫరు స్టీవ్ మెక్‌కరీ ఫోటోల్లోంచి కొందరు మనుషులు మాయమయ్యారని బయటపడ్డప్పుడు, తాను దృశ్యాలతో కథలు చెప్పేవాణ్ణని ఆయన సర్దిచెప్పుకున్నాడు. మంచిదే. అయితే కథ అని ముందే చెబితే పాఠకుడు కథలాగే చదువుకుంటాడు.

రంగుల విషయంలో నేనిచ్చిన మినహాయింపును కూడా ఒకచోట కొంత వెనక్కి తీసుకోవాలి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఆ రాత్రి ఫోటోల్లో ఆకాశం ఏ రంగులో ఉందో గుర్తుందా? ప్రతి బీచి ఫోటోకీ మనవాళ్లు పులిమే నారింజ రంగే. ప్రతి సాయంత్రాన్నీ అలా తగలబెడుతూ పోతే, నిజంగా తగలబడినప్పుడు చూపించడానికి కొత్త రంగు ఎక్కణ్ణుంచి తెస్తాం? చూసేవాడు ‘అబ్బ, భలే ఉంది’ అని వేలితో పైకి తోసేసి పోగలడు.

ఇంత నిజం చూపిస్తే యాత్రికులు రారని కొందరి బెంగ. అబద్ధం చూసి వచ్చేవాళ్లతో అంతకన్నా చిక్కు. ఖాళీ ఇసుక కోసం వచ్చిన మనిషికి వలలు కనబడగానే మోసపోయానన్న ఉక్రోషం వస్తుంది. ఆ కోపం ఫోటో తీసినవాడి మీదకు పోదు, వల ఆరేసినవాడి మీదకు పోతుంది. ‘బీచిలో చేపల వాసనేమిటండీ’ అని అడుగుతాడు, చేపలు వేరే ఎక్కణ్ణుంచో వస్తాయన్నట్టు. ఫోటోలో తుడిచిన పడవని ఒడ్డు మీద కూడా ఎవరైనా తుడిస్తే బాగుండునన్న కోరిక అక్కడ మొదలవుతుంది. అలాంటి కోరికలు వినే ఆఫీసులు మనకి తక్కువేం కాదు. అంచేత ఫోటోగ్రాఫరుకి నా బేరం ఇది: సూర్యుణ్ణి మీకిచ్చేస్తాను, ఏ దిక్కున కావాలంటే ఆ దిక్కున ముంచుకోండి, చంద్రుళ్లు ఇద్దరున్నా అడగను. అప్పనీ గంపనీ మాత్రం ఉన్నచోట ఉండనివ్వండి. ఫోటోలోంచి ఆవిడను తీసేసి, ఆనక ఆవిడ దగ్గరికే వెళ్లి వంజరం కిలో ఎంత అని అడగడం మీకు మాత్రం ఎబ్బెట్టుగా ఉండదూ? పైగా ఆ ధర ఏ యాప్‌లోనూ దిగదు. కూర్చుని బేరమాడాలి, అప్పటికైనా ఓ పదో పరకో.