కర్చీఫ్ వేసిన సర్వరు

రాత్రి ఒంటిగంటన్నర. ఒళ్లో ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌లో ఓ కిటికీ, ఆ కిటికీలో ఊరికి ఆ చివరనున్న ఆఫీసు సర్వరు. లాక్ తీయాలంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కమంటుంది. వినయంగా నొక్కుతాను. అత్తగారిని పిలిస్తే తోటికోడలు పలికినట్టు, నా ల్యాప్‌టాప్ పలుకుతుంది. అవతలి దాకా చేరాలంటే డిలీట్ బదులు ఎండ్ నొక్కాలి. ఆ మాట తెర మీద ఉండదు. ఉన్న మాటేమో పనిచేయదు.

ఈ మూడు మీటల జట్టు కూర్చింది డేవిడ్ బ్రాడ్లీ అనే ఐబీఎం ఇంజనీరు, ఆ కంపెనీ మొదటి పీసీ తయారయ్యే రోజుల్లో. కనిపెట్టింది తానే అయినా పేరు తెచ్చింది మాత్రం బిల్ గేట్సేనని, గేట్స్ కూర్చున్న వేదిక మీదే చమత్కరించాడు. పాపం, గేట్స్‌కి అంతగా నవ్వొచ్చినట్టు లేదు.

మా ఆఫీసులో ఎండ్ కూడా చాలదు. భద్రత కోసమని ముందో సర్వరులో దిగి, అందులోంచి ఇంకో సర్వరులోకి దిగాలి. ఎండ్ నొక్కితే మొదటిది పట్టేసుకుంటుంది. లోపలి దాన్ని కదిలించాలంటే లోపల కీబోర్డు బొమ్మ తెరిచి, వేళ్లతో రెండు మీటలు పట్టుకుని, మూడోది మౌస్‌తో నొక్కాలి. ఇంత విన్యాసం చేసి చూపిస్తే మా ఆవిడ అడిగింది: "దీనికా మీకు జీతమిస్తున్నది?" దీనికే.

ఇక అసలు జాతర. విండోస్ సర్వరు నిర్వాహకులకు ఉచితంగా ఇచ్చేవి రెండే రెండు సీట్లు. అంతకుమించి కావాలంటే లైసెన్సు కొనాలి. మనవాళ్లు కొంటారా? జేబీఎస్‌లో కరీంనగర్ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసిన జాతి మనది. పని ముగిశాక సైన్ అవుట్ కొట్టి దిగిపోవడం మా ఇంటావంటా లేదు. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కేస్తాం. కిటికీ మూసుకుంటుంది గానీ సెషన్ లోపల అలాగే కూర్చుని ఉంటుంది. సెలవు మీద ఊరెళ్లినాయన కర్చీఫ్ ఒకటి, నోటీసు పీరియడ్‌లో ఉన్నాయన కర్చీఫ్ ఒకటి. మూడోవాడు ఫుట్‌బోర్డు మీద.

ఆ రాత్రి ఫుట్‌బోర్డు కూడా దక్కలేదు, నా ఖాతాయే లాకైంది. ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే అరగంట తాళం. నేను ఒక్కసారీ తప్పు కొట్టలేదు. మా టీమ్‌లో ఇంకొకాయన్ని నిద్రలేపితే తిట్టుకుంటూ తీశాడు. పది నిమిషాలకు మళ్లీ పడింది. మళ్లీ లేపాను. మళ్లీ పడింది. మూడోసారి ఆయన లాగ్ తవ్వి, 4740 నంబరు నమోదు చూసి, నా ఖాతాకు తాళం పడేలా తలుపు బాదుతున్న యంత్రం పేరు చదివాడు. మూడు వారాల కింద నేనే ఇంటూ కొట్టి వదిలేసిన సర్వరు అది. మధ్యలో నేను పాస్‌వర్డ్ మార్చుకున్నాను. లోపల మిగిలిపోయిన నా సెషన్‌కు ఆ కబురు అందలేదు. అది నా పాత పాస్‌వర్డ్‌తో విశ్వాసంగా తలుపు కొడుతూనే ఉంది. నా కర్చీఫే నా మెడకు చుట్టుకుంది. ఆయన "గుడ్ నైట్ అన్నా" అని ఫోన్ ఆపేశాడు.

అరగంట ఖాళీ దొరికింది. ఐదు తప్పులకే ఇంటివాణ్ణి గెంటేసే ఈ కట్టుదిట్టం దొంగను ఎంత మర్యాదగా చూసుకుందో తలుచుకున్నాను. ప్రతి విండోస్ యంత్రంలోనూ పుట్టుకతో వచ్చే అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటుంటుంది, అన్ని తాళాలకూ పెద్ద తాళంచెవి. దానికి కూడా ఈ లాకౌట్ నియమం పెట్టుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2022 అక్టోబరులో. అప్పటిదాకా దొంగ తీరిగ్గా, టీ తాగుతూ, వెయ్యిన్నొక్క పాస్‌వర్డ్‌లు వేసి చూసుకోవచ్చు. మనవాళ్లేమో వెండారు అడిగాడని ఈ రిమోట్ కిటికీకి దారైన 3389 పోర్టును ఇంటర్నెట్‌కు బార్లా తెరిచి, పాస్‌వర్డ్‌గా కంపెనీ పేరు, పక్కన ఎట్, పక్కన 123 పెడతారు. అసలు పాస్‌వర్డే అక్కర్లేని రోజూ వచ్చింది. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో తలుపు తట్టకుండానే లోపలికి నడిచిపోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఎంత బెదిరిందంటే, ఐదేళ్ల కిందటే చేతులు దులుపుకున్న ఎక్స్‌పీకి కూడా మందు పంపింది.

2024 జూలై 19 సంగతైతే చెప్పనే అక్కర్లేదు. కాపలా కాయాల్సిన క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలిరంగు తేలేశాయి. యంత్రం లేవకపోతే రిమోట్ కిటికీలో ఏం కనిపిస్తుంది? మనుషులు ఒక్కో యంత్రం దగ్గరికి నడిచారు. తాళాలు తీద్దామంటే కొన్నిచోట్ల బిట్‌లాకర్ రికవరీ అంకెలు కూడా పడిపోయిన సర్వర్లలోనే ఉన్నాయి, బీరువా తాళంచెవి బీరువాలో పెట్టినట్టు. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. పెన్ను మాత్రం హ్యాంగ్ కాలేదు.

నా పాత సెషన్ కూర్చున్న సర్వరును ఆపించడానికి రెండున్నరకు ఆఫీసు వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను.

"తాతా, సర్వరు రూముల నీలంలైటు వెలుగుతున్న డబ్బా ఉంది చూడు. ముందల గుండ్రటి బటన్."

"గీడ రెండు డబ్బలున్నయ్ సారూ. రెంటికీ నీలంలైటే."

"మీద స్టిక్కరుంటది, పేరు చదువు."

"అద్దాలు ఇంటికాడ మర్చిన. ఏదో ఒకటి ఒత్తనా?"

ఒత్తమన్నాను, ఎడమచేతిది. పదంకెలు లెక్కపెట్టి వదిలాడు. పాత సెషన్ పోయింది. తాళం గడువు తీరేదాకా కూర్చుని లోపలికెళ్లాను, నాలుగు నిమిషాల పని, చేశాను.

కళ్లు మూతలు పడుతున్నాయి. మూలనున్న ఇంటూ నొక్కి పడుకున్నాను.