ఎఫ్12 అన్న

బాన్సువాడలో ఒకాయనకు మనుషుల పేర్లతో పనిలేదు. హెచ్‌పీ ల్యాప్‌టాప్ ఉన్న లెక్కల మాస్టారు ఆయనకు ‘ఎఫ్9 సారు’. ఏసుస్ కొన్న బట్టల కొట్టాయన ‘ఎస్కేప్ సేటు’. అప్పులవాళ్ల ముందు అట్లా పిలవొద్దని సేటు ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. కంప్యూటర్ లేస్తుండగా ఏ మీట నొక్కితే బూట్ మెనూ వస్తుందో అదే ఆ మనిషి ఇంటిపేరు. డెల్, లెనోవోలది ఎఫ్12. ఊళ్లో అవే ఎక్కువ కాబట్టి ఊరు ఆ పేరు తిప్పి ఆయనకే పెట్టింది.

ఇలాంటి అన్న లేని బస్టాండు ఊరు తెలంగాణలో ఉండదు. షాపు ఉండదు, బోర్డు ఉండదు, సిద్ధాంతం మాత్రం ఉంటుంది: లోపలి డిస్కును నమ్మరాదు. మాయలఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నట్టు కంప్యూటర్ ప్రాణం బయట, తన జేబులో ఉండాలి. ఆ చిలుక 64 జీబీ పెన్‌డ్రైవు. వెంటాయ్ అనే టూల్ ఎక్కించి అందులో విండోస్ 7, 10, 11, లినక్స్ మింట్ పెట్టుకున్నాడు. ఏది కావాలంటే అది లేస్తుంది. పక్క ఫోల్డరులో బతుకమ్మ డీజే పాటలు.

విండోస్‌ను ఏకంగా పెన్‌డ్రైవు మీదే నడుపుకునే ‘విండోస్ టు గో’ 2012లో విండోస్ 8తో వచ్చింది. 2020లో మైక్రోసాఫ్ట్ తీసేసింది. “ఆళ్లు తీసేస్తే తీసేసిన్రు, మనం తీస్తమా?” అన్నాడు అన్న. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ఆగింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని పాత డబ్బాలను విండోస్ 11 రానివ్వనంది. ఆ రోజు అన్న కొత్త చొక్కా తొడుక్కున్నాడు.

వడ్ల సీజనులో ఒక రైస్ మిల్లు కంప్యూటర్ పడుకుంది. నల్లటి తెర మీద ‘బూట్ డివైస్ దొరకలేదు’ అని ఒక్క ముక్క. గేటు బయట లారీలు. “1931ల కట్టిన నిజాంసాగర్ ఇంక నీళ్లిస్తుంది, మొన్న కొన్న డబ్బ గిట్ల జేసె!” అని మిల్లు సేటు తల పట్టుకున్నాడు.

అన్న వచ్చాడు. ముందు చాయ్. తర్వాత కంప్యూటర్ వెనక్కి వంగి పెన్‌డ్రైవు గుచ్చాడు. ముందువైపు పోర్టులు చూడ్డానికే తప్ప పనికి రావని ఆయన అభిప్రాయం. ఎఫ్12 టపటపా కొట్టాడు. మెనూ వచ్చింది గాని సెక్యూర్ బూట్ అడ్డం పడింది. తను గుర్తుపట్టే సంతకం లేనిదాన్ని లేవనివ్వదది. అన్న బయోస్‌లోకి దూరి దాన్ని ఆపుతుంటే మిల్లు గుమస్తా కళ్లు మూసుకున్నాడు.

మింట్ లేచింది. లోపలి విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవు మీది నుంచే నడవసాగింది. డిస్కు తెరిస్తే లారీల లెక్కల ఫైలు ఎక్కడిదక్కడే ఉంది.

“విండోస్ సచ్చింది సేటూ, డిస్కు సావలే.”

ఈ రెంటికీ తేడా ఏమిటో సేటుకు అక్కర్లేదు. ప్రింటరు కదిలింది, కాంటా చీటీ బయటికొచ్చింది, అంతే చాలు. “మరి లోపల పర్మనెంటుగ ఎక్కియ్యవా?” అన్నాడు.

“సీజన్ అయినంక జూద్దాం. అందాక ఆ పెన్‌డ్రైవు ఎవలు గుంజొద్దు.”

ఆయన చెప్పే ‘సీజన్ అయినంక’ వచ్చిందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఒక జిరాక్సు కొట్టులో కంప్యూటర్ వెనక ఆయన గుచ్చిపోయిన పాత పెన్‌డ్రైవుకు దసరాకు బొట్టు కూడా పెట్టారు.

పైసలిస్తే వద్దన్నాడు, రెండో చాయ్ వద్దనలేదు. తాగి, బయటికొచ్చి, బండి దగ్గర జేబులన్నీ తడుముకున్నాడు. బండి తాళంచెవి లోపల, కంప్యూటర్ వెనక, పెన్‌డ్రైవుతో ఒకే రింగుకు వేలాడుతోంది. రింగు తుప్పు పట్టింది, గోటికి లొంగదు. గట్టిగా లాగితే చిలుక చేతికొస్తుంది. అప్పటికే ఇంకో లారీ కాంటా ఎక్కింది.

“బండి జర షెడ్డుల పెట్టిపియ్యి సేటూ,” అని బస్టాండు వైపు నడక పట్టాడు.