ఐఎస్ఐ మార్కు కిరాయిదారు

"అద్దెకిచ్చే కొంపకు అంత మంచి సరుకెందుకండీ? గట్టి కిరాయిదారు దొరికితే చాలదూ!"

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓనర్ల మీటింగులో ఒక పెద్దమనిషి సెలవిచ్చిన మాట. సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చింది కాబట్టి మీరూ వినే ఉంటారు. కిరాయికున్నవాణ్ని కనుక నన్ను పిలవలేదు. కుర్చీలు మాత్రం మా ఇంట్లోంచే పట్టుకెళ్లారు.

మొదట ఒళ్లు మండింది. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, ఎంత మాట! మన్నికైన సరుకు కోసం ఇన్నాళ్లూ తాండూరు బండల దగ్గరా, విట్రిఫైడ్ టైల్స్ దగ్గరా వెతికాం. అసలు సరుకేమో టులెట్ బోర్డు కింద నిలబడి ఫోన్ నంబరు ఎక్కించుకుంటోంది.

అయితే సరుకన్నాక పరీక్ష ఉండాలి. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌ను 72 గంటలు నీళ్లలో మరగబెట్టి, పొరలు విడిపోకపోతేనే పాస్ చేస్తారు. కిరాయిదారుకూ అదే పెట్టాలి. టాప్ ఫ్లోర్, పడమటి గది, మే నెల, మూడు రోజులు. మొగుడూ పెళ్లాలు ఇంకా విడిపోలేదా? బాయిలింగ్ వాటర్‌ప్రూఫ్ గ్రేడు, గుద్దండి ఐఎస్ఐ ముద్ర.

పై ఫ్లాటు బాత్రూం కారి నెత్తిమీద పెచ్చులూడుతున్నా ఓనరుకు ఫోన్ చేయకుండా బకెట్ పెట్టుకునేవాడు వాటర్‌ప్రూఫ్. ఏటా అద్దె పెంచినా మొహాన గీత పడనివాడు స్క్రాచ్‌ప్రూఫ్. బోరునీళ్ల ఉప్పుకు బిగుసుకుపోయిన ప్లాస్టిక్ కుళాయిని పళ్లతోనైనా తిప్పేవాడు ఇత్తడి రకం. బ్రహ్మచారి మాత్రం పార్టికల్ బోర్డు: చూడ్డానికి నున్నగా ఉంటాడు, నలుగురు స్నేహితులు చేరితే ఉబ్బిపోతాడు. ఏ రకానికైనా గ్యారంటీ 11 నెలలే. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ గొడవ.

హార్డ్‌వేర్ షాపాయనకు ఈ శాస్త్రం ఎప్పుడో తెలుసు. ఏమడిగినా ముందు "సొంతానికా, కిరాయికా?" అంటాడు. కిరాయికంటే చెయ్యి అర మీదికి పోదు, కాళ్ల దగ్గరి డబ్బాలోకి పోతుంది. మా గోడల డిస్టెంపరూ ఆ డబ్బా వంశమే. ఆనుకుంటే వీపుకంటుతుంది. రెండేళ్లలో సగం గోడ నా చొక్కాల మీద ఆఫీసుకెళ్లిపోయింది. ఖాళీ చేసిన రోజున రంగుల పేరు చెప్పి అడ్వాన్సులో నెల అద్దె కోసుకుంటారు. 2021 మోడల్ టెనెన్సీ చట్టం కుళాయి వాషర్లూ, స్విచ్చులూ, గీజరు రిపేర్లూ మన నెత్తిన పెట్టి రంగులూ, వైరింగూ ఓనరుకు రాసింది. మోడల్ కదా, షోరూములో కిచెన్ లాగా చూసి రావడానికే.

వైరింగంటే గుర్తొచ్చింది. మా గీజరు సాకెట్‌కు మూడు రంధ్రాలున్నాయి. పైనున్న పెద్దది ఎర్తింగుకు. పోయిన వారం ఎలక్ట్రీషియన్ ప్లేటు విప్పి, టార్చి కొట్టి చూపించాడు. లోపల పచ్చ తీగ లేదు. తెగిపోవడం కాదు, అసలు లాగనే లేదు. ప్లేటు మాత్రం కొత్తది, తళతళలాడుతోంది. మేం దిగే ముందు "మొత్తం రెనొవేట్ చేయించా" అన్నారుగా, అదీ.

ఓనరుకు ఫోన్ చేశాను. "ఇన్నేళ్లలో ఎవరూ కంప్లైంట్ చేయలేదే" అన్నాడు. మీటింగులో ఆ మాటన్నదీ ఈయనే.

కంప్లైంట్ ఎవరు చేస్తారయ్యా? కరెంటు కొట్టి పోయినవాడు లేచొచ్చి చేస్తాడా? టైల్ నాసిరకం వేశావు, సరే, పగులుతుంది. రంగు నాసిరకం వేశావు, ఉతుక్కుంటాం. ఆ తీగ టులెట్ ఫొటోలో పడదని, దానికోసం అద్దె వెయ్యి పెంచలేనని ఎగ్గొట్టావు. నువ్వుండే ఇంట్లో, నీ పిల్లలు స్నానం చేసే గదిలో ఎగ్గొట్టావా?

మా ఆవిడ రబ్బరు చెప్పులేసుకుని, చెయ్యి రెండుసార్లు తుడుచుకుని గీజరు స్విచ్ వేస్తుంది. మా అమ్మాయికి ఆరేళ్లు. స్టూలు లాక్కుని స్విచ్ అందుకోవడం ఈ మధ్యే నేర్చుకుంది.