అసలు ఐదు లక్షలు, కొసరు ఒక రాత్రి

మా బావమరిది కాలిఫోర్నియాలో ఉంటాడు. ఆమధ్య ఫోన్ చేసి, "బావా, పామ్ స్ప్రింగ్స్ వెళ్లొచ్చాం. రెండు రాత్రులున్నాం. గదికి ఒక్క డాలరు కట్టలేదు, అంతా పాయింట్లే" అన్నాడు. పామ్ స్ప్రింగ్స్ ఎడారి మధ్యలో ఉన్న ఊరు. ఒకప్పుడు హాలీవుడ్ తారలు విశ్రాంతికి వచ్చిపోయేవారు. ఆ తారలు రాలిపోయారు, హోటళ్లు మిగిలాయి. వాటిలో ఇప్పుడు పాయింట్లున్న మావాళ్లు దిగుతున్నారు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టడం నా తప్పు. "ఏమండీ, మన కార్డుకీ పాయింట్లు వస్తాయిగా?" అంది మా ఆవిడ.

ఆ రాత్రి బ్యాంకు యాప్ తెరిస్తే 9,200 పాయింట్లు కనిపించాయి. మూడేళ్లుగా నాకు తెలియకుండా పెరిగిన ఆస్తి. ఇచ్చే బహుమతుల జాబితాలో బాపట్ల దగ్గర సూర్యలంక వైపు ఒక రిసార్టు ఉంది. పేరు చెప్పను. చెబుదామన్నా, ఉప్పుగాలికి దాని బోర్డు మీదే పేరు సగం మిగిలింది. ఒక రాత్రికి 10,000 పాయింట్లు. ఇసుక వాళ్లకీ ఉంది, మనకీ ఉంది. మన ఇసుక పక్కన సముద్రం అదనం అనుకున్నాం.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. మా కార్డు మీద 100 రూపాయలు గీకితే 2 పాయింట్లు. ఒక్కో పాయింటు విలువ 25 పైసలు. 2,500 రూపాయల గది ఊరికే రావాలంటే 5 లక్షలు గీకాలన్నమాట. పెట్రోలు లెక్కలోకి రాదు, ఇంటి అద్దె రాదు. మా అమ్మాయి కాలేజీ ఫీజు వచ్చింది, మా అత్తగారి కంటి ఆపరేషన్ వచ్చింది. ఆవిడ కంట్లో శుక్లం తీస్తే మా ఖాతాలో 700 పడ్డాయి. ఇవన్నీ కలిపే ఆ 9,200. ఇంకా 800 తక్కువ. జూన్ 30 దాటితే ఉన్నవి కూడా మురిగిపోతాయి. 800 పాయింట్లకు 40,000 రూపాయల వస్తువు కొనాలి. ఇంట్లో ఏం లేదా అని ఇద్దరం కూర్చుని వెతికాం. ఏసీ లేదు. కొన్నాం.

ఏసీ గదిలో ఒక రాత్రి ఊరికే పడుకోవడానికి 40,000 పోసి ఏసీ కొన్నాం. ఈ ముక్క మనసులో పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఊరికే వస్తే మావాడు మరొకడున్నాడనే బలహీనత మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1896లోనే సరుకులు కొన్నవాళ్లకి పచ్చ స్టాంపులు ఇవ్వడం మొదలైంది. వాటిని పుస్తకంలో అంటించుకుంటూ పోయి, పుస్తకాలు నిండాక ఇచ్చి ఏదో ఒక వస్తువు తెచ్చుకునేవారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికుడు ఎగిరిన మైళ్లకు లెక్క కట్టింది. రెండేళ్లు తిరక్కుండా హోటళ్లూ అదే దారి పట్టాయి.

మనవాళ్లు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు: కొసరు. మా రేపల్లె మార్కెట్లో కూరలు తూచాక గుప్పెడు కరివేపాకు, నాలుగు కొత్తిమీర రెబ్బలు సంచిలో పడతాయి. ఓటీపీ అడగరు. సాయంత్రానికి వాడిపోవడం తప్ప గడువు తేదీ లేదు. బ్యాంకు చేసిన గొప్ప ఆవిష్కరణ ఏమిటంటే, కొసరుని చేతిలో పెట్టకుండా దూరం నుంచి చూపించడం. గుప్పెడు కరివేపాకు కోసం ఐదు లక్షల వంకాయలు కొనే పిచ్చివాణ్ని మా ఊళ్లో చూడలేదు. అద్దంలో మాత్రం ఒకణ్ని చూశాను.

ఊరికే వచ్చే గది బుక్ చేయడానికి రుసుము 99 రూపాయలు. ఆ రుసుము మీద జీఎస్టీ 17 రూపాయల 82 పైసలు. శనాదివారాలు చెల్లవు. పండగలు చెల్లవు. కార్తీకమాసం అసలే చెల్లదు. పౌర్ణమి స్నానాలకి సూర్యలంకలో ఇసుక కనపడనంత జనం ఉంటారు, డబ్బిస్తామన్నవాడికే గది దొరకదు. అన్నీ తీసేయగా మాకు మిగిలింది మే నెలాఖరులో ఒక మంగళవారం. రోళ్లు పగిలే రోహిణి కార్తె.

2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల మా జిల్లా కేంద్రం. బస్సులో అయితే ఓ మాదిరి ప్రయాణమే. మా ఆవిడ రైలంది. రేపల్లె రైలుకు ఆఖరి స్టేషన్. 1916లో తెనాలి నుంచి వేసిన లైను మా ఊరొచ్చి ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉంది. కాబట్టి పడమరగా ఉన్న బాపట్లకు రైల్లో పోవాలంటే ముందు పైకి తెనాలి వెళ్లి, బండి మారి, నిడుబ్రోలు మీదుగా మళ్లీ కిందికి దిగాలి. సముద్రాన్ని చూడ్డానికి సముద్రానికి వీపు పెట్టి బయల్దేరాం. తెనాలి ప్లాట్‌ఫారం మీద గంటన్నర కూర్చున్నాం. బావమరిది ఎడారి చూస్తే చూశాడు, మేం ఆంధ్రా ప్యారిస్ మీదుగా పోతున్నాం కదా అని సరిపెట్టుకున్నాను.

రిసెప్షన్లో కుర్రాడు మా కాగితం చూసి, "పాయింట్లాండీ?" అన్నాడు. పెళ్లి పందిట్లో పంక్తి మధ్యకొచ్చి "మీరు ఎవరి తరఫండీ?" అని అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. "అయితే వెనక బ్లాకండి" అని తాళం ఇచ్చాడు.

తాళం అలంకారానికి. తలుపు ఉబ్బిపోయింది, భుజంతో నెడితేగానీ రాలేదు. టీవీ రిమోట్‌కి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. గీజర్ మాత్రం బ్రహ్మాండం, నీళ్లు సలసలా కాగుతున్నాయి. ఏసీ నొక్కితే గట్టెక్కుతున్న ఇటుకల లారీలా మూలిగి, వేడిగాలి ఊది, ఆగిపోయింది.

"బయట కాయిల్ తినేసిందండి, ఉప్పుగాలి. సముద్రం పక్కన లోహం నిలవదండి" అన్నాడు కుర్రాడు. శాస్త్రం తప్పు చెప్పలేదు.

"మరి మార్చరా బాబూ?"

"మార్చామండి. ముందు బ్లాకులో."

కాగితం మీద సీ వ్యూ అని ఉంది. బాత్రూంలో బకెట్ బోర్లించి ఎక్కి వెంటిలేటర్లోంచి చూస్తే సరుగుడు తోట కనపడింది. తోట వెనక హోరు వినపడింది. చూపు బదులు చెవికి ఇచ్చారు.

ఈతకొలను ఉంది. అడుగున మూరెడు మందాన సరుగుడు ఆకు పరుచుకుని ఉంది. గట్టు మీద బోర్డు: ఈత రానివారు దిగరాదు. "దిగండి, మీకు రాకపోయినా ఫర్లేదు" అంది మా ఆవిడ.

రాత్రి భోజనానికి చేపల పులుసు అడిగాం. "లేదండి. నిజాంపట్నం నుంచి రావాలండి" అన్నారు. నిజాంపట్నం మా రేపల్లె పక్కన. చేపల్ని ఇంటి పక్కనే వదిలేసి ఇంత దూరం వచ్చామన్నమాట. పప్పు, అప్పడం తిన్నాం.

అదే 2,500 రూపాయలు నోట్లుగా కట్టి ఉంటే ఆ రాత్రి నా గొంతు బాపట్ల దాకా వినపడేది. మా ఇంటి ఏసీ కొన్న వారానికి చిన్న చప్పుడు చేస్తేనే షాపుకి మూడుసార్లు ఫోన్ చేసినవాణ్ని. ఇక్కడ నోరు పెగల్లేదు. ఊరికే వచ్చినవాడు ఏం అడుగుతాడు? దానమిచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టకూడదంటారు. కానీ ఈ ఆవుని మేపింది నేనే, మూడేళ్లపాటు ఐదు లక్షల గడ్డి వేసి. చివరికి నా ఆవునే నాకు దానమిస్తే చేతులు కట్టుకుని పుచ్చుకున్నాను. బ్యాంకు నాకు అమ్మింది గది కాదు, మొహమాటం.

ఉక్కకి నిద్ర పట్టక, రేపల్లెలో తాళం వేసిన గదిలో మా కొత్త ఏసీ ఒంటరిగా ఉందని తలుచుకుంటూ తెల్లార్లూ మేలుకున్నాం. వెలుగు రాకముందే ఇసుకలోకి నడిచాం. చల్లటి గాలి. మడమల దాకా నీళ్లు. దీనికి పాయింట్లు ఎవరూ అడగలేదు. ఒడ్డున ఒకావిడ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతోంది. ఇరవై రూపాయలవి పొట్లం కట్టి, మా ఆవిడ చేతిలో ఇంకో గుప్పెడు పోసింది. మేం అడగలేదు. ఆవిడ లెక్కపెట్టలేదు.

తిరుగు రైల్లో ఫోన్ మోగింది. మా బస ఎలా ఉందో చెప్తే 50 పాయింట్లు ఇస్తారట. ఐదుకి ఐదు నక్షత్రాలూ ఇచ్చాను. నా సత్యసంధత వెల అలా తేలింది: 12 రూపాయల 50 పైసలు.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు.

"ఎలా ఉంది బావా మీ రిసార్టు?"

"అద్భుతంరా."

"స్విమ్మింగ్ పూల్ ఉందా?"

"ఓ, పెద్దది."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"నీళ్లున్నాయా, బావా?"