నెల రోజుల వీసా, నూరేళ్ల పుణ్యం

భారత ప్రభుత్వం విదేశీయులకిచ్చే ఈ-టూరిస్ట్ వీసా నిబంధనలు తీరిగ్గా చదివితే హాస్యకథల పుస్తకం వేరే కొనుక్కోనక్కర్లేదు. ఆ వీసా మీద వచ్చిన అతిథి యోగా నేర్చుకోవచ్చు. స్థానిక భాష, సంగీతం, నాట్యం, వంట కూడా నేర్చుకోవచ్చు. కోర్సు ఆరు నెలలు దాటకపోతే చాలు. పైసా పుచ్చుకోకుండా స్వచ్ఛంద సేవ చేయొచ్చు. దానికి మాత్రం గడువు ఒక్క నెల. అంటే దాల్ మఖనీలో చెయ్యి తిరగడానికి ఆరు నెలలు పట్టినా పట్టొచ్చుగానీ, మాట రాని, మెడ నిలవని పిల్లవాడి అవసరం కనిపెట్టి సేవ చేయడానికి ముప్పై రోజులు ధారాళంగా సరిపోతాయి. సర్కారువారి లెక్క అది.

ఆ నెల కూడా ఎక్కువే అనుకునేవాళ్లకు రెండు వారాల ప్యాకేజీలున్నాయి. ఢిల్లీలో దిగడం, ఒక వారాంతం ఆగ్రా, ఇంకో వారాంతం రిషికేశ్, మధ్యలో సోమవారం నుంచి శుక్రవారం దాకా అనాథాశ్రమం. సేవ ఉచితమే, సేవ చేసే అవకాశం మాత్రం కాదు. దానికి ఫీజు కట్టాలి. కట్టినవాళ్లకు తొలిరోజే తృప్తి గ్యారంటీ. గేటు దాటగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంటారు, పేరు కూడా అడగకుండా చంకెక్కుతారు. 'ఎంత ప్రేమో!' అని అతిథి కళ్లు చెమరుస్తాయి. ముక్కూమొహం తెలియనివాళ్ల మీదికి పిల్లలు అలా ఎగబడటం ఆరోగ్య లక్షణం కాదని పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ఎవరో ఒకరు తమవాళ్లుగా మిగలని పిల్లలే అందరినీ తమవాళ్లనుకుంటారు. ఆ సంగతి బ్రోషర్లో వేస్తే బుకింగులు పడిపోవూ?

దివ్యాంగులైన పిల్లల దగ్గరికొచ్చేసరికి ఈ రాకపోకల సరదా కాస్త ప్రమాదంగా కూడా మారుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న తొమ్మిదేళ్ల పిల్లకు మధ్యాహ్నం అన్నం పెట్టడమే తీసుకోండి. వీపు వెనక దిండు సర్ది నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాలకూడదు, గడ్డం కాస్త కిందికి వంగి ఉండాలి. పప్పన్నం మెత్తగా మెదపాలి, అలాగని మరీ పల్చన చేస్తే పొలమారుతుంది. చెంచా కొసన కొంచెం తీసి నాలుక మీద ఆనించి, పెదవులు మూసుకున్నాక చెంచా లాగాలి. మింగిందో లేదో గొంతు చూసి పోల్చుకోవాలి. మింగేదాకా రెండో చెంచా ఎత్తకూడదు. తొందరపడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. న్యుమోనియా అలా కూడా వస్తుంది. ఒక్క గిన్నెకు ముప్పావుగంట. చాలీచాలని జీతంతో నెట్టుకొచ్చే ఆయాకు ఇదంతా చేతివేళ్లకు తెలుసు. ఈ పిల్ల ఎడమ దవడతోనే నములుతుందనీ, కడుపు నిండితే ముక్కుతో చిన్న శబ్దం చేస్తుందనీ కూడా తెలుసు. నిన్న విమానం దిగిన వలంటీరుకు తెలియదు. నాలుగు వారాలు పోతే తెలుస్తుంది. ఈలోగా సేవ గడువు అయిపోతుంది.

పాపం, విదేశీయుల్నే ఆడిపోసుకోవడం అన్యాయం. రాజధాని ప్రాంతం ఈ విషయంలో ఎప్పుడో స్వయంసమృద్ధి సాధించింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ వెయ్యి కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ తన సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. చట్టం అడిగింది డబ్బు. గురుగ్రామ్ దాంతోపాటు టీషర్టులు కూడా ఇచ్చింది. ఏడాదికోసారి ఒకే రంగు టీషర్టుల్లో బస్సెడు ఉద్యోగులు దిగి, పోయినేడాది వేరే కంపెనీ వేసిన గోడబొమ్మల మీద తాజాగా బొమ్మలేసి వెళ్తారు. ఆ గోడకు పట్టిన పెయింటు మందం చూస్తే ఎన్ని కంపెనీలు వచ్చాయో లెక్కగట్టొచ్చు. వీల్‌చెయిర్ ఎక్కడానికి ర్యాంపు మాత్రం ఉండదు. ర్యాంపు పోయాలంటే మేస్త్రీ కావాలి, టీమ్ బిల్డింగుకు అది పనికిరాదు.

ఇక అమెరికా కాలేజీల మీద కన్నేసిన పన్నెండో క్లాసు పిల్లలు. వాళ్లకు ఢిల్లీ ఆశ్రమం బరువు చాలదు. సేవ సరిహద్దు దాటితేనే దరఖాస్తుకు నిండుదనం. నేపాల్ దగ్గర, కంబోడియా మరీ దూరమేం కాదు. 2005 నుంచి 2010 మధ్య కంబోడియాలో అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయని యునిసెఫ్ చెప్పింది. ఆ ఐదేళ్లలో అక్కడ పెరిగింది పర్యాటకులు. వాటిలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. ఆశ్రమం నిండుగా కనబడితేనే విరాళాలొస్తాయి కాబట్టి, పేద తల్లిదండ్రులకు చదువు ఆశ చూపి పిల్లల్ని సమీకరించారు. ఇంత చక్కటి గిరాకీ-సరఫరా పాఠం ఎకనామిక్స్ పుస్తకంలో కూడా ఉండదు.

ఇండియా కథ వేరే అనుకుంటే పొరపాటే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ చేయించిన దేశవ్యాప్త అధ్యయనం 2018లో బయటికొచ్చింది. 9,589 బాలల ఆశ్రమాల్లో సుమారు 3 లక్షల 70 వేలమంది పిల్లలుంటే, అందులో అసలు అనాథలు 42 వేలకు లోపే. లక్షా 20 వేలమందికి తల్లో తండ్రో ఒకరున్నారు. 2020లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు తాఖీదు పంపింది: కుటుంబాలున్న పిల్లల్ని ఇళ్లకు చేర్చండి అని. ఆ ఎనిమిదింట్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. అలా ఇంటికి చేరాక ఫిజియోథెరపీ ఎక్కడ దొరుకుతుంది, మందులకు డబ్బెవరిస్తారు, తల్లి కూలికి వెళ్తే పిల్లను ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలు తాఖీదుల్లో ఇమడవు. దివ్యాంగుడైన బిడ్డ ఆశ్రమానికి చేరేది చాలాసార్లు ప్రేమ చాలక కాదు, ఊళ్లో ఈ మూడూ లేక.

ఢిల్లీలో పుణ్యానికి సీజన్లుంటాయి. పితృపక్షంలో పూరీ-హల్వా, నవరాత్రుల్లో అష్టమినాడు కన్యాపూజ, దీపావళికి మిఠాయి డబ్బాలు, డిసెంబరులో దుప్పట్లు. అక్టోబరు 2 నుంచి 8 దాకా దాన్ ఉత్సవ్, అది 2009 నుంచీ ఉంది. ద్వారకా, మయూర్ విహార్ తెలుగువాళ్లూ ఏమీ తీసిపోరు. నాన్నగారి సంవత్సరీకమైనా, పిల్లవాడి పుట్టినరోజైనా ఆశ్రమానికో ఫోను.

"ఆదివారం ఖాళీ ఉందాండీ?"

"ఈ ఆదివారం ఇద్దరున్నారండీ. పొద్దున్న కేకు, మధ్యాహ్నం బిర్యానీ. బుధవారం రండి, ఆ రోజు ఎవరూ లేరు."

"బుధవారం ఆఫీసండీ. ఇంకేమైనా ఇవ్వమంటారా?"

"డైపర్లు అయిపోయాయండీ, పెద్ద సైజువి."

"డైపర్లా? వాటి ముందు కొవ్వొత్తి ఏం వెలిగిస్తామండీ!"

కొవ్వొత్తి తర్వాత ఫొటో. దాని సంగతి బాలన్యాయ చట్టం 2015, 74వ సెక్షన్‌లో ఉంది. రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరం ఏదీ ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ను నిక్కచ్చిగా అమలుచేస్తే ఆదివారం సాయంత్రానికి ఢిల్లీ వాట్సాప్ గ్రూపులు సగం తిహార్ నుంచే నడవాలి. నార్వే విద్యార్థుల, అధ్యాపకుల సహాయ సంస్థ ఎస్‌ఏఐహెచ్ ఇలాంటి సేవా సెల్ఫీల మీద వీడియోలు తీసి నవ్వులపాలు చేసింది, ఫొటో తీసేముందు ఏం ఆలోచించాలో చిన్న మార్గదర్శిని కూడా వేసింది. తన ఫొటో వద్దని నోటితో చెప్పలేని పిల్లవాడి దగ్గర ఆ మార్గదర్శిని అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది. కెమెరా కూడా అక్కడే ఎక్కువ మోగుతుంది.

లోకంలో అందరికన్నా పేరున్న అనాథ హ్యారీ పాటర్. ఆ పిల్లవాణ్ణి పుట్టించిన జె.కె.రౌలింగ్ 2019లో లండన్‌లో యువతను ఉద్దేశించి, అనాథాశ్రమాల్లో వలంటీర్లుగా వెళ్లొద్దని చెప్పింది. 2004లో చెక్ దేశపు సంస్థలో జాలీ మంచంలో బందీగా ఉన్న దివ్యాంగ బాలుడి ఫొటో పత్రికలో చూసి కదిలి, ఆ మర్నాడే కేకు కొనుక్కుని వెళ్లలేదు. పిల్లల్ని సంస్థల నుంచి కుటుంబాలకు చేర్చే లూమోస్ సంస్థను మొదలుపెట్టింది. అలా చేర్చడం వల్ల ఏమవుతుందో రొమేనియాలో లెక్కతేలింది. బుఖారెస్ట్ ఆశ్రమాల్లోని 136 మంది పసివాళ్లను పరిశోధకులు రెండు జట్లుగా చేసి, ఒక జట్టును పెంపుడు కుటుంబాలకిచ్చి ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబంలో పెరిగినవాళ్ల తెలివి, మాట, అనుబంధం మెరుగయ్యాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమ పర్యాటకం పిల్లలకు చేటని తీర్మానించింది. తీర్మానానికి ఇండియాలో టీషర్టు ఇంకా అచ్చుకాలేదు.

చేటు అన్న మాట మెత్తనిది. గోవాలోని మడ్‌గావ్‌లో ఫ్రెడీ పీట్స్ అనే పెద్దమనిషి గురుకుల్ పేరుతో పిల్లల ఆశ్రమం నడిపాడు. ఊళ్లో మర్యాద, విదేశీ అతిథుల రాకపోకలు, దేనికీ లోటులేదు. 1991లో పోలీసులు తలుపు తట్టాక, ఆ అతిథుల్లో కొందరు దేనికొచ్చేవారో బయటపడింది. 1996లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. గేటు దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అడగకపోతే జరిగేది ఇది. ఇవాళ చట్ట ప్రకారం ప్రతి ఆశ్రమం 41వ సెక్షన్ కింద నమోదవ్వాలి, లేకపోతే ఏడాది దాకా జైలో, లక్షకు తగ్గని జరిమానానో, రెండూనో. అయినా కేకు పట్టుకొచ్చినవాణ్ణి 'మీరెవరు, గుర్తింపు కార్డేది, లోపలికెందుకు?' అని అడిగితే అది అమర్యాద.

ఆ అమర్యాద చేయగలిగిన వలంటీరు ఒకమ్మాయి తెలుగు నేలమీదే ఉండేది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర కాపలాకున్న పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని ఒకాయన్ను నిలబెట్టేసింది. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు కంగారుపడి మందలించినా ఆ పిల్ల చలించలేదు. టికెట్ కొన్నాకే దారిచ్చింది. తర్వాత ఆవిడే దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఢిల్లీలో 1953లో పెట్టిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చే ఏర్పాటు నడిపింది. ఇప్పుడు ఆవిడ పేరు సౌత్ క్యాంపస్ మెట్రో స్టేషన్‌కుంది. అక్కడ మాత్రం టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పోనివ్వరు.

నిలకడగా పనిచేసినవాళ్లు ఢిల్లీలో లేకపోలేదు. ఉమా తులి 1981లో మొదలుపెట్టిన అమర్ జ్యోతి బడిలో దివ్యాంగులూ, కానివాళ్లూ ఒకే బెంచీలో చదువుకుంటారు. మెరీ బరువా 1991లో స్థాపించిన యాక్షన్ ఫర్ ఆటిజం టీచర్లకూ తల్లిదండ్రులకూ శిక్షణిస్తుంది. ఇలాంటి చోట్లకు విదేశం నుంచి ఫిజియోథెరపిస్టు ఎవరైనా వస్తే, ఆయాలకు పని నేర్పి వెళ్తారు. నేర్చుకున్న చేతులు ఇక్కడే ఉంటాయి. ఈ పద్ధతిలో పిల్లలు చంకెక్కరు కాబట్టి ఫొటోలు తక్కువ.

ఫొటోలు అసలే రాని చోటు కూడా ఒకటుంది. రోహిణిలో ఢిల్లీ ప్రభుత్వం నడిపే ఆశా కిరణ్, మానసిక వైకల్యమున్న పిల్లలూ పెద్దలూ ఉండే గృహం. సామర్థ్యానికి మించి వందలమంది అందులోనే సర్దుకున్నారు. 2024 జులై ఒక్క నెలలో అక్కడ 14 మంది చనిపోయారు, ఎక్కువమంది పెద్దవాళ్లే. ఇంతమంది ఇంత తక్కువ వ్యవధిలో పోవడం కాకతాళీయం కాదని ఢిల్లీ హైకోర్టు అంది. నీళ్లు పరీక్షించమంది, జనాన్ని వేరే చోటికి మార్చి కిక్కిరింపు తగ్గించమంది. 2017లోనూ రెండు నెలల్లో 11 మరణాలని ఢిల్లీ మహిళా కమిషన్ గగ్గోలుపెట్టింది. ఆగ్రా, రిషికేశ్‌ల మధ్య ప్యాకేజీలో ఆశా కిరణ్ చేరే సూచనలు లేవు. అక్కడున్నవాళ్లు చిన్నప్పుడే ముద్దుగా ఉండి, తర్వాత పెరిగి పెద్దవాళ్లవడం అనే పొరపాటు చేశారు.

కథలో విదేశీయులు ఇంకోసారి కనబడతారు, ఈసారి టూరిస్ట్ వీసా మీద కాదు. ఢిల్లీ రామకృష్ణాపురంలో కారా ఆఫీసుంది, కేంద్ర దత్తత సంస్థ. 2024-25లో దేశంలో 4,515 దత్తతలు జరిగాయి. 2025లో క్యూలో 36 వేలకు పైగా దరఖాస్తుదారులున్నారు, ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం మూడేళ్లు దాటి ఎదురుచూస్తూ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అంత ఎదురుచూపు అక్కర్లేదు. వాళ్లు ఎప్పుడో సిద్ధం. విదేశాలకు దత్తత వెళ్లే పిల్లల్లో పెద్ద వాటా వాళ్లదే. దరఖాస్తులో పిల్లల ఆరోగ్యం గురించి ఒక గడి ఉంటుంది. ఆ గడి దగ్గర ఇక్కడి దంపతుల వేలు 'సాధారణం' మీదే ఆగుతుంది. అలాగని వాళ్లకు ఈ పిల్లలంటే జాలి లేదనడానికి వీల్లేదు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ బుక్ చేసింది వాళ్లే.