తెల్లగీత

నాన్న ఫోన్‌లో నాతో రెండే మాటలు మాట్లాడేవాడు. "బాగున్నావా? ఇదిగో, అమ్మకిస్తున్నా." టెక్సస్ వచ్చిన 11 ఏళ్ళలో మా మధ్య అంతకంటే పొడుగు మాట నడిచిన గుర్తు లేదు. మనసులోది బయటపెట్టే మనిషి కాదులే అని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ ఇద్దరూ ఆరు నెలలకి ఇక్కడికి వస్తున్నారని తెలిశాక బెంగ పట్టుకుంది. ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుంటాం? అందుకే పాత ట్రక్కు కొన్నాను.

1972 నాటి ఫోర్డ్ ఎఫ్-100 అది. వి8 ఇంజన్లవి చాలా కనబడ్డాయి గానీ, నేను కావాలనే ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉండే ఇంజన్ ఉన్న బండి వెతికాను. 4.9 లీటర్లది. ఫోర్డ్ వాళ్ళు 1965లో మొదలుపెట్టి 1996 దాకా చేస్తూ వచ్చిన మొండి ఇంజన్. దాని సిలిండర్లు 1-5-3-6-2-4 వరసలో మండుతాయి. ఆ వరస నాకు ఎక్కాలకంటే ముందు వచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో నాన్న తిప్పిన టాటా లారీ ఇంజన్లదీ అదే వరస. చిన్నప్పుడు సెలవుల్లో షెడ్డుకి వెళ్తే, చేతికి డీజిల్ కంపు అంటించుకుని, ఆ ఆరంకెలూ అప్పజెబితేనే సోడాకి డబ్బులిచ్చేవాడు.

నాన్న పని నేర్చుకునేనాటికి టాటా లారీల ముక్కు మీద ఇంకా బెంజ్ నక్షత్రం ఉండేది. 1954లో కలిసిన ఆ రెండు కంపెనీల ఒప్పందం 1969లో ముగిసింది. నక్షత్రం పోయినా నాన్న షెడ్డు పోలేదు. ఆటోనగర్‌లో గేర్‌బాక్సులకో షెడ్డు, డీజిల్ పంపులకో షెడ్డు, కమాన్ పట్టీలకో షెడ్డు. నాన్నది ఇంజన్ల షెడ్డు. రేకుల కప్పు కింద, సైలెన్సర్ విప్పేసిన ఇంజన్ల పక్కన 40 ఏళ్ళు నిలబడ్డాడు.

నా ట్రక్కు జబ్బు ఇదీ. రోడ్డు మీద ఏదోలా పోతుంది. సిగ్నల్ దగ్గర కాలు తీసేసరికి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. వెనకొచ్చే కారు కూడా కనబడనంతగా అద్దం అదురుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. ఫ్లయ్‌ఓవర్ ఎక్కేటప్పుడు పికప్ ఉండదు, ఇంజన్ వేడి ముల్లు పైకి పాకుతుంది.

నేను పద్ధతిగానే వెళ్ళాను. స్లోలో ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఆరు సిలిండర్లకీ కలిపి సెకనుకి 30 నిప్పురవ్వలు పడాలి. ఒక్కొక్కటీ పిస్టన్ పైకొచ్చే ముందు, పుస్తకం ప్రకారం 6 డిగ్రీల ముందు పడాలి. ఆ వేగంలో 6 డిగ్రీలంటే సెకనులో 600వ వంతు. పెట్రోలు ఆవిరి అంటుకుని పూర్తిగా మండటానికి కొంత వ్యవధి కావాలి కదా, అందుకు ఆ ముందస్తు. రవ్వ ఆలస్యమైతే పిస్టన్ అప్పటికే కిందికి దిగుతుంటుంది. మంట దాన్ని తోసే బదులు దాని వెంటపడుతుంది. బలం చక్రాలకి చేరాల్సింది, వేడిగా మారి సైలెన్సర్ దారిన పోతుంది.

ప్లగ్గులు మార్చాను. వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, పాయింట్లు, కండెన్సర్ అన్నీ మార్చాను. పాయింట్ల ఎడం ముందు సరిచేసి, ఆ తర్వాతే టైమింగ్ చూశాను. ఎడం కదిలితే టైమింగూ కదులుతుంది, కాబట్టి ఈ వరస తప్పకూడదు. మానిఫోల్డ్ చుట్టూ కార్బురేటర్ క్లీనర్ చల్లితే ఒకచోట ఇంజన్ స్పీడు మారింది. అక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి పీలుస్తోంది. అది మార్చాక వణుకు కాస్త తగ్గింది, పోలేదు.

తర్వాత ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాను. చచ్చిన సిలిండర్ ఉంటే దాని వైరు పీకినా ఇంజన్‌కి తేడా తెలియదు. నాన్న లారీలకి డీజిల్ పైపు నట్టు వదులు చేసి చూసే పరీక్షే ఇది. ఆరింటికీ ఇంజన్ ఒకేలా కుంగింది. అంటే ఏ ఒక్కదాని తప్పూ కాదు, ఆరింటికీ ఉమ్మడిగా అందేదేదో తేడాగా ఉంది. టైమింగ్ లైటు పెట్టాను. వాక్యూమ్ గొట్టం విప్పి మూసి, లైటు తీగ ఒకటో నంబరు వైరుకి తగిలించి చూస్తే, కప్పీ మీది తెల్లగీత 6 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. టైమింగ్ బాగుంది. ఇక తప్పంతా కార్బురేటర్‌దే అనుకుని రెండుసార్లు విప్పి బిగించాను.

ఈ మూడు వారాలూ నాన్న పక్కనే ఉన్నాడు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అరచెయ్యి మడ్‌గార్డ్ మీద ఆనించి ఉంచేవాడు. బానెట్ కింద తలదూర్చి ఎందుకు ఏం చేస్తున్నానో అంతా చెప్పేవాణ్ణి. చిరునవ్వుతో తలూపేవాడు. మేమిద్దరం అన్నిసార్లు ఒకచోట నిలబడటం నా జీవితంలో అదే మొదలు. నాకది చాలా సంతోషంగా ఉండేది.

ఒక శనివారం నేను కాఫీకి లోపలికెళ్ళొచ్చేసరికి ఇంజన్ మెత్తగా తిరుగుతోంది. నాన్న డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి, ఒక చెయ్యి దాని మీద, ఒక చెయ్యి మడ్‌గార్డ్ మీద పెట్టి తిప్పేశాడు. లైటు పెట్టి చూస్తే 20 డిగ్రీలు.

"నాన్నా, ముట్టుకోవద్దన్నానా! స్లోలో 20 అంటే కొట్టేసుకుంటుంది. ఇది లారీ కాదు, పెట్రోలు బండి!" అని బానెట్ కిందనుంచే అరిచి, గీతని మళ్ళీ 6కి తెచ్చాను. వణుకు మళ్ళీ వచ్చింది.

నాన్న ఏమీ అనలేదు. కాసేపాగి, "గీత తప్పేమోరా" అన్నాడు.

"ఫ్యాక్టరీలో గీసిన గీత ఎలా తప్పుతుంది?" అన్నాను, తల ఎత్తకుండానే. జవాబు రాలేదు. చూస్తే వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోతున్నాడు. ఆ రాత్రంతా నాకు ముళ్ళమీద ఉన్నట్టయింది. పొద్దున అమ్మతో చెబితే, "నాన్నతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి మొహం చూసి చెప్పరా. అలా ఎటో చూస్తూ చెప్పకు" అంది. పెద్దవాళ్ళతో మర్యాద గురించి చెబుతోందనుకుని సిగ్గుపడ్డాను.

వెళ్ళి నాన్న ఎదురుగా నిలబడి, "నాన్నా, తప్పయింది. నువ్వే చూడు" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

నేను పారేసిన పాత ప్లగ్గొకటి తీసుకుని, దాని పింగాణీ పగలగొట్టి, ఆ బెజ్జంలో బోల్టు బిగించాడు. నాతో ప్లగ్గులన్నీ విప్పించాడు. ఒకటో సిలిండర్ రంధ్రం మీద బొటనవేలు పెట్టుకుని, ఇంజన్‌ని పానాతో మెల్లగా తిప్పమన్నాడు. గాలి వేలిని తన్నగానే ఆపించాడు. పిస్టన్ కొంచెం వెనక్కి జరిపించి, ఆ బోల్టు ప్లగ్గు బిగించాడు. ఇటు తిప్పితే పిస్టన్ బోల్టుకి తగిలి ఆగింది. కప్పీ మీద సుద్దతో ఒక గీత. అటు తిప్పితే మళ్ళీ తగిలి ఆగింది. ఇంకో గీత. అమ్మ కుట్టుడబ్బాలోంచి దారం తెచ్చి రెండు గీతల మధ్యా చుట్టి, కొలత తీసి, దారాన్ని సగానికి మడిచాడు. ఆ సగం దగ్గరే పిస్టన్ అసలు శిఖరం. కోడలి గోళ్ళరంగు సీసా అడిగి అక్కడో ఎర్రచుక్క పెట్టాడు.

సున్నా తెల్లగీత దానికి బొటనవేలు వెడల్పంత దూరంలో ఉంది. దాదాపు 14 డిగ్రీలు.

క్రాంకు కొసన ఉండే ఆ కప్పీ ఒకే ముక్క కాదు. లోపల గుండు, బయట కమ్మీ, రెండింటి నడుమ రబ్బరు. వణుకు మింగటానికి అలా చేస్తారు. 50 ఏళ్ళు దాటిన రబ్బరు ఎండిపోయి పట్టు వదిలితే, బయటి కమ్మీ ఏటికేడు కొద్దికొద్దిగా వెనక్కి జారుతుంది. గీతలుండేది ఆ కమ్మీ మీదే. నేను 6 ముందు అనుకున్నది నిజానికి 8 ఆలస్యం. నాన్న చేత్తో పెట్టిన 20, అసలు 6.

"చూడకుండా ఎలా కనిపెట్టావు?" అని అడిగాను. అరచెయ్యి ఎత్తి చూపించి నవ్వాడు.

కొత్త కప్పీ వచ్చేదాకా ఎర్రచుక్కతో నడుపుదామన్నాడు. బోల్టు ప్లగ్గు తీసేసి అసలు ప్లగ్గులు బిగించాం. ఎర్రచుక్క లెక్కన ఇంజన్‌ని 6 డిగ్రీల ముందు నిలిపి, పాయింట్లకి చిన్న బల్బు తగిలించి, అది వెలిగిన చోట డిస్ట్రిబ్యూటర్ బిగించాం. చేతులు కడుక్కొస్తానని నాన్న ఇంటి పక్కనున్న కుళాయి దగ్గరికెళ్ళాడు.

నేను ఎక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. వణుకు లేదు. అద్దంలో మా వీధి చివర చెట్టు ఆకులతో సహా నిలబడి కనిపించింది. ఏళ్ళ తరబడి మూసుకున్నదేదో మా ఇద్దరి మధ్యా తెరుచుకున్నట్టయి, కళ్ళు తడిశాయి. ఆపబుద్ధి కాక అలాగే వింటూ కూర్చున్నాను.

నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నా కిటికీ దగ్గర, బండికి చెయ్యి ఆనించకుండా నిలబడి, ఆశగా నా మొహంలోకి చూశాడు.

"ఇంకా ఊరికే కూర్చున్నావేంరా? స్టార్ట్ చెయ్, ఎలా ఉందో చూద్దాం."