నేను కలిపిన మాలు, మీరు కట్టిన పన్ను

నన్ను మిల్లర్ అంటారు. సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు పోస్తే తిప్పి తిప్పి కాంక్రీటు చేసి ఇచ్చే యంత్రాన్ని. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. డ్రమ్ముకు వేసిన రంగు ఆరీ ఆరకముందే ట్రాక్టరుకు తగిలించి బందరు రోడ్డెక్కించారు. అప్పటినుంచీ నా తిరుగుడంతా గుడివాడ, బందరు, దివిసీమల మధ్యే. పెద్ద రోడ్ల సంగతి రోలర్లు, తారు ప్లాంట్లు చూసుకుంటాయి. ఇళ్ళ ముందు పోసే సీసీ రోడ్లు, సైడు కాలవలు, కల్వర్టులు నావి.

ఇన్నేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. రోడ్డు ఎవరి డబ్బుతో వేయాలో తేల్చిన రోజే, ఆ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో కూడా తేలిపోతుంది. నా ఇంజను స్టార్టు చేసేది ఆ తర్వాతే. అందుకే నా కథ చెప్పాలంటే డబ్బు కథ చెప్పక తప్పదు.

మా డెల్టాలో మట్టికి కొదవ లేదు, రాయే లేదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద రోడ్డు నిలవాలంటే అడుగున గట్టి పరుపు పడాలి. కంకర పరిటాల, దొనబండ క్వారీల నుంచి లారీల్లో రావాలి. బందరు చేరేసరికి ఇంచుమించు వంద కిలోమీటర్ల కిరాయి దాని ధరలో కలుస్తుంది. సిమెంటు జగ్గయ్యపేట వైపు నుంచి వస్తుంది. ఇసుక ఒక్కటే కృష్ణమ్మ దగ్గర్లో ఇస్తుంది. ఇక్కడ పది బారల రోడ్డు వేసినా ఎవరో ఒకరి జేబుకు చిల్లు పడాల్సిందే.

నా తొలి పని గుడివాడ దగ్గర ఒక పల్లెలో. 1997 జనవరిలో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం జన్మభూమి మొదలుపెట్టింది. పని ఖర్చులో కొంత ఊరివాళ్ళు భరిస్తే మిగతాది ప్రభుత్వం ఇచ్చేది. ఊరి వాటా డబ్బుగా ఇవ్వొచ్చు, సామానుగా ఇవ్వొచ్చు, శ్రమదానంగానూ ఇవ్వొచ్చు. రైతుల వీధిలో రెండు రోజుల్లో వాటా వసూలైంది. ఒకాయన సిమెంటు బస్తాలిచ్చాడు, ఇంకొకాయన ట్రాక్టరిచ్చాడు, కొడుకు అమెరికాలో ఉన్నాయన రొక్కం ఇచ్చాడు. ఊరి చివర పాలెంలో ఉండేవాళ్ళు దళిత కూలీలు. "డబ్బు మావల్ల కాదండీ, తట్టలు మోస్తాం" అన్నారు.

వాటా పద్ధతిలోని మంచిని నేను కళ్ళారా చూశాను. రైతుల వీధివాళ్ళు కంకరలో మట్టి కనబడిందని లారీని వెనక్కి తిప్పి పంపారు. బస్తాకు ఎన్ని తట్టల ఇసుక పడుతోందో నా పక్కనే నిలబడి లెక్కపెట్టారు. పోసిన రోడ్డు మీద మట్టితో చిన్న చిన్న మడులు కట్టి, వరిగడ్డి పరిచి, మూడు వారాలు నీళ్ళు ఆరనివ్వలేదు. తన డబ్బు పడ్డ పనికి మనిషి అలా కాపలా కాస్తాడు. అంత కాపలా ఏ ఇంజనీరూ ఒంటిచేత్తో కాయలేడు.

దాని చెడూ అదే వారంలో చూశాను. పాలెం వంతు వచ్చేసరికి వాటా సొమ్ము చాలలేదన్నారు. పాలెం మొదట్లో ఉన్న రావిచెట్టు దాకా పోసి పని ముగించారు. సాయంత్రం నన్ను కడిగిన నీళ్ళు ఆ చెట్టు అవతలి మట్టిదారిలోకి పారాయి. పాలెంవాళ్ళ వీధికి ఆ రోజు నా నుంచి అందింది అదే. ఆ ఊళ్ళోకి నేను మళ్ళీ వెళ్ళింది 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికల చట్టం వచ్చిన తర్వాత. ఈసారి ఎవరినీ వాటా అడగలేదు. రావిచెట్టు దగ్గర పాత రోడ్డు అంచుకు కొత్త మాలు అతికించి పాలెం చివరి ఇంటిదాకా పోశాం. ఇవ్వగలిగినవాళ్ళకే రోడ్డు అన్నందుకు ఆ పిల్లలు ఒక తరమంతా బురదలో నడిచి బడికి వెళ్ళారు.

ఆ చెట్టు కిందే, అమెరికా నుంచి సెలవుకొచ్చిన ఒకబ్బాయి తన బాబాయితో మాట్లాడుతుంటే విన్నాను.

"అక్కడ చాలా ఊళ్ళలో వీధి బాగుచేస్తే, ఆ ఖర్చులో కొంత ఆ వీధి ఇళ్ళ మీదే వేస్తారు బాబాయ్. ఇంటి ముఖం ఎన్ని అడుగులుంటే ఆ లెక్కన."

"మూలమీద ఇల్లున్నవాడు రెండు వైపులా కట్టాలా ఏంటి?"

"అక్కడా గొడవ దాని మీదే. అయితే ముందు నోటీసిస్తారు, సభ పెడతారు, అభ్యంతరాలు వింటారు. ఆ తర్వాతే తీర్మానం."

"ఆ ముందు పిలిచి అడగడం ఉంది చూశావూ, అది మనకీ కావాలిరా" అన్నాడు బాబాయి.

ఇంటి ముఖాన్ని బట్టి ఖర్చు పంచే లెక్క మన దగ్గరా ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లండులో 1892లోనే ప్రైవేటు వీధుల పనులకు అలాంటి చట్టం చేశారు. మద్రాసు ప్రభుత్వం 1920లో తెచ్చిన జిల్లా మునిసిపాలిటీల చట్టమూ ఆ దారిలోనే నడిచింది. పొలాన్ని ఇళ్ళస్థలాలుగా కోసి అమ్మేవాడే వీధులు వేయాలి. వేయకపోతే ఆ వీధికి ముఖం ఉన్న స్థలాల యజమానులకు నోటీసివ్వాలి, వాళ్ళూ వేయకపోతే మునిసిపాలిటీ వేసి వాళ్ళ దగ్గర రాబట్టాలి. అలా బాగుపడ్డ వీధి ఊరందరి వీధి అవుతుంది, తర్వాతి మరమ్మతు ఊరిదే.

కాగితం మీద ఇది న్యాయంగానే ఉంది. గుడివాడ, బందరు శివార్లలో నేను చూసింది వేరు. వరిచేను మీద ఎర్రమట్టి తోలి, హద్దురాళ్ళు పాతి, వెంచరు అని బోర్డు పెడతారు. అనుమతి తీసుకున్న లేఅవుట్‌లో రోడ్లు, కాలవలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు మునిసిపాలిటీకి తనఖాలో ఉంటాయి గనక పని జరుగుతుంది. అనుమతి లేనిచోట ప్లాట్లు అమ్ముడయ్యాక ఎవరూ కనబడరు. కొనుక్కున్న చిరుద్యోగి రోడ్డు ఖర్చు కలిపిన ధరే ఇచ్చి ఉంటాడు. 2020లో వచ్చిన క్రమబద్ధీకరణ పథకంలో, వదలాల్సిన ఖాళీ జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం, మిగతా చార్జీలు కట్టాల్సివచ్చిందీ అతనే. ఇల్లు కట్టేదాకా ఏటా ఖాళీ స్థలం పన్ను కట్టేదీ అతనే. ఒక్క రోడ్డుకు ఇన్నిసార్లు కట్టినవాడి ఇంటికి వానాకాలంలో నన్ను లాక్కెళ్ళబోతే నా చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి.

బందరు సంగతి మరో తీరు. 1864 నవంబరు ఉప్పెన ఈ పట్టణాన్ని ముంచేసింది. మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం తెచ్చింది, 1866లో బందరు మునిసిపాలిటీ అయింది. గుడివాడ మునిసిపాలిటీ 1937లో వచ్చింది. ఇంటి యజమాని పన్ను కడితే పురపాలక సంఘం వీధి చూసుకోవడమే అప్పటి ఒప్పందం, ఇప్పటికీ అదే. మీరు ఆరు నెలలకోసారి కట్టే ఇంటి పన్నులో సాధారణ పన్ను, నీరు, మురుగు, దీపాలు, పారిశుధ్యం అన్నీ కలిసే ఉంటాయి. దానిపైన రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. ఒకప్పుడు ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసి పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని హద్దు పెట్టారు.

ఆ డబ్బంతా ఒకే ఖాతాలో పడుతుంది. మీ వీధివాళ్ళు కట్టింది మీ వీధికే రావాలని ఎక్కడా లేదు. జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలినదానికి, ఆర్థిక సంఘం నిధులకు ప్రతి వార్డూ చెయ్యి చాస్తుంది. అసిస్టెంటు ఇంజనీరు వచ్చి టేపు పట్టి కొలుస్తాడు, ఎస్టిమేటు వేస్తాడు, అది ఎజెండాకెక్కుతుంది, సభలో తీర్మానమైతే టెండరు పిలుస్తారు. ఎస్టిమేటు కాగితం పైభాగాన ఏ పద్దు కింద ఖర్చు అనేది ఒక్క వరుస ఉంటుంది. జనం మెటీరియలు చూస్తారు, మందం చూస్తారు, ఆ వరుస మాత్రం చూడరు. నా ప్రయాణం నిర్ణయించేది అదే.

ఆ తర్వాత లెస్‌ల పోటీ. ఎస్టిమేటు మీద ఎంత తక్కువకు చేస్తావో చెప్పి పని దక్కించుకోవడం. లెస్ లోతుగా పోతే మునిసిపాలిటీకి డబ్బు మిగిలిందని సంతోషిస్తారు. అందులో నిజమైన పొదుపు కొంత ఉండొచ్చు. కానీ బస్తాకు పడాల్సిన కొలత మారితే నాకు వెంటనే తెలుస్తుంది, డ్రమ్ములో మాలు తిరిగే చప్పుడే వేరుగా ఉంటుంది. అప్పుడు మిగిలిన సొమ్ము రెండు మూడు వానలకే పెచ్చులుగా లేస్తుంది. రెండోసారి రోడ్డు వేయడానికి కట్టేదీ మీరే.

ఒకసారి పని మొదలుపెట్టే ముందు ఇద్దరు వార్డు సభ్యులు నా పక్కనే వాదించుకున్నారు. "పన్నులు ఎక్కువ కట్టేది మా బజారండీ. రోడ్డేమో మీ గుడిసెలకా?" అన్నాడు ఒకాయన. రెండో వార్డు సభ్యురాలు నెమ్మదిగా అంది: "నీరు పల్లమెరుగు అన్నయ్యగారూ. మీ బజారు మురుగంతా దిగేది మా పల్లంలోకే. మీ బజారు శుభ్రంగా ఉండటానికి మా ఇళ్ళు మునుగుతున్నాయి. దానికి లెక్క కట్టి చూడండి, ఎవరు ఎక్కువ ఇస్తున్నారో." మురికివాడల కోసం పురపాలక నిధుల్లో 40 శాతం వేరుగా పెట్టాలన్న నియమానికి ఇంతకంటే మంచి కారణం నేనెక్కడా వినలేదు.

ఎస్టిమేటులో ఎప్పుడూ కనబడని ఖర్చు ఇంకొకటుంది. బందరులో ఒక పాత వీధిలో రోడ్డు మీద రోడ్డు పోస్తుంటే ఒక మామ్మగారు గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఈసారి ఎంత లేపుతున్నారు బాబూ?"

"ఆరంగుళాలండీ మామ్మగారూ."

"కాపురానికొచ్చిన కొత్తలో మూడు మెట్లెక్కి ఇంట్లోకెళ్ళేదాన్ని. మీ రోడ్లు పెరిగి పెరిగి గడపతో సమానమయ్యాయి. ఇప్పుడు ఇంకో ఆరంగుళాలంటే వాన నీళ్ళు నట్టింట్లోకే. ఇల్లు మెరక చేయించడానికి ఎవరిస్తారు నాకు?"

మేస్త్రీ దగ్గర జవాబు లేదు. పాత పొరను తవ్వి తీసి, ముందు కాలవ దించి, ఆ తర్వాత రోడ్డు పోస్తే గడపలు మునగవు. దానికి అదనంగా ఖర్చవుతుంది, కోతపెట్టాల్సి వచ్చినప్పుడు మొదట పోయేది తవ్వకమే. అలా మునిసిపాలిటీ పుస్తకంలో తగ్గిన ఖర్చు వీధిలో ప్రతి ఇంటి మీదా పడుతుంది. డబ్బున్నవాళ్ళు ఇల్లు పడగొట్టి ఎత్తుగా కట్టుకుంటారు. మామ్మగారి లాంటివాళ్ళు గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చుకుంటారు.

ఇక దివిసీమ. అవనిగడ్డ దాటి కోడూరు, నాగాయలంక వైపు వెళ్తే పంచాయతీకి ఇంటి పన్నుగా వచ్చేది వీధి దీపాలకే చాలదు. ఇక్కడ ఖర్చు ఇంటి ముఖం కొలిచి పంచే పనే లేదు. ఈ ఊళ్ళకు నన్ను తెచ్చింది ఉపాధి హామీ పథకం. అందులో కూలీల వేతనాలకు 60 పాళ్ళు, సామగ్రికి 40 పాళ్ళు ఉండేవి. ఆ నలభైలోంచే సీసీ రోడ్లు పోశాం. అప్పట్లో వేతనం మొత్తం, సామగ్రిలో ముప్పాతిక కేంద్రం ఇచ్చేది, మిగతా పావు రాష్ట్రం ఇచ్చేది. అంటే ఎక్కడో ఢిల్లీలో, చెన్నైలో పన్ను కట్టినవాళ్ళ డబ్బు సొర్లగొంది లాంటి ఊళ్ళ వీధుల కోసం వచ్చింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి పనులు అడిగారు. అక్టోబరు 14న మా బందరు రోడ్డు మీదున్న కంకిపాడులోనే ఆ పనులు చేపట్టే పల్లె పండుగ కార్యక్రమం మొదలైంది. మళ్ళీ నాకు చేతినిండా పని దొరికింది.

ఎవరో ఎందుకు కట్టాలి అని అడిగేవాళ్ళుంటారు. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ దివిలో వేలమందిని మింగింది. ఈ ఊళ్ళలో వీధి రోడ్డంటే సాయంత్రం షికారుకు కాదు, తుఫాను షెల్టరు దాకా ముసలమ్మను, పసిపిల్లను ఎత్తుకుని పరుగెత్తే దారి. ఆ దారి పొడవును ఆ ఇంటివాడి స్తోమతతో కొలవకూడదు. అది దేశమంతా కలిసి మోయాల్సిన ఖర్చు.

ఇప్పుడు నా డ్రమ్ముకు అతుకులు పడ్డాయి. పెద్ద పనులకు రెడీమిక్స్ లారీలు వస్తున్నాయి. అవి దూరలేని సందులకు ఇంకా నన్నే పిలుస్తారు. ఓపికున్నన్నాళ్ళూ తిరుగుతాను. కోరేది కొద్దిగానే. ఎస్టిమేటు వేసే ముందే వీధిలో సభ పెట్టండి. ఏ పద్దు, ఎంత సొమ్ము, ఎంత మందం, ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది బోర్డు మీద రాసి పని మొదలుకాకముందే నిలబెట్టండి. కాలవ తర్వాతే రోడ్డు పోయండి, గడపల ఎత్తు కూడా టేపుతో కొలవండి. లేఅవుట్ వేసి లాభపడ్డవాడి దగ్గర వీధి ఖర్చు వదలకుండా రాబట్టండి. ఇవ్వగలిగిన వీధి తన వంతు ఇచ్చి లెక్క అడగాలి, ఇవ్వలేని వీధి వంతు ఊరు మోయాలి, ఊరికీ మోయరానిది దేశం మోయాలి. అలా చేస్తే నేను పోసే రోడ్డు ఏ రావిచెట్టు దగ్గరా ఆగిపోదు.